పసుపంచు రెక్క

ఆరుద్ర కార్తె చివర పడ్డ పెద్దవాన వెలిసి అప్పటికి రెండు రోజులైంది. తెల్లారీ తెల్లారని వేళ గ్రామసేవక్ లింగస్వామి జానమ్మ ఎర్రమట్టి చెల్క చేలో గొంతుక్కూర్చుని, గంగాళం నీళ్లలో చచ్చి తేలుతున్న రెక్కల పురుగులను ఒక్కొక్కటే తీసి, గట్టు మీద పరిచిన పాత పత్రిక కాగితం మీద వరసగా పెడుతున్నాడు. గంగాళానికి పైన మూడు వెదురు బొంగులు కలిపి కట్టిన చోట పెట్రోమాక్స్ దీపం వేలాడుతోంది. నిన్న పొద్దుగూకగానే దాన్ని వెలిగించి, కింద నీళ్లలో ఇంత కిరసనాయిలు పోసి వెళ్లాడు. వెలుగు చూసి ఎగిరొచ్చిన పురుగు నీళ్లలో పడింది, మళ్లీ లేవలేదు.

లెక్క మూడువందల పన్నెండు తేలింది. లింగస్వామికి ఆకలీ నిద్రా రెండూ గుర్తుకు రాలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో సర్కారు పని ఇంత ముచ్చటగా ఉంటుందని అతను అనుకోలేదు.

ఒక పురుగును సూది మొనతో ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. రెక్కలు ముడిస్తే పైకి కనబడేది ఎండిన మట్టిరంగు, దాని మీద పొడుగునా తెల్లటి చారలు. అంచున మాత్రం ఎవరో కూర్చుని దిద్దినట్టు సన్నటి పసుపు గీత. విప్పితే వెనక రెక్కలు తెల్లవి, వాటి మీద నల్లచుక్కలు. శిక్షణ కేంద్రంలో మాస్టారు ఈ జాతి పురుగులకు దొరలు పులి పేరు పెట్టారని చెప్పినప్పుడు అందరూ నవ్వారు. లింగస్వామి నవ్వలేదు. పోచంపల్లిలో వాళ్ల నాయిన నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి రుమాళ్లు నేస్తాడు. ఏ ముడి ఎక్కడ పడితే బట్ట మీద ఏ గీత తేలుతుందో నడక రాకముందే లింగస్వామి కళ్లకు తెలుసు. పసుపంచు పురుగుకూ ఎర్రంచు పురుగుకూ తేడాను మిగతావాళ్లు పుస్తకం తిరగేసి చెబితే, అతను బారెడు దూరంలో నిలబడి చెప్పాడు. మాస్టారు వీపు తట్టారు. ఆ మెప్పే కొంప ముంచింది. అతని కొంప కాదు, జానమ్మ కొంప.

ఈ పసుపంచు పురుగు పెట్టిన గుడ్లలోంచి లేచేదే బొంతపురుగు. ఒళ్లంతా ఎర్రటి నూగుతో మందలు కట్టి చేల మీద పడిందంటే ఆముదం ఆకుకు ఈనెలు తప్ప మిగలవు. ఒకటి తిని ఊరుకునే రకం కాదు, ఈ చేను అయ్యాక గట్టు దాటి ఆ చేలోకి నడుస్తుంది. అందుకే రెక్కల పురుగు దశలోనే దీపం పెట్టి చంపాలని సర్కారు వాళ్లు ఊరికొక ప్రదర్శన చేను పెట్టమన్నారు. గుట్టకిందిపల్లిలో ఎవరినడిగినా తల అడ్డంగా ఊపారు. "దీపం పెడితే ఊళ్లె ఉన్న పురుగంత నా చేనుకే వస్తది, నాకద్దు" అని జంగయ్య మొహం మీదే చెప్పాడు. అతనిది జానమ్మ పక్క చేనే. చివరికి ఒప్పుకున్నది జానమ్మ ఒక్కతే.

ఆమెది గొర్ల కాపరుల ఇల్లు. మొగుడు గుర్వయ్య ఎండాకాలం తగలగానే మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయి, వానలు పడ్డాక గాని తిరిగి రాడు. రెండేళ్లుగా అతని మోకాళ్లు వంగడం లేదు, ఉన్న ఒక్క కొడుకు పట్నంలో కూలికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఈ యేడు తిరిగొచ్చినప్పుడు ఊరి పొలిమేర నుంచి ఇంటికి నడవడానికి పూట పట్టింది. జానమ్మ ఇరవై గొర్రెలు అమ్మి ఎడ్లను కొని, మూడెకరాల చెల్క దున్నించి ఆముదం పెట్టింది. పంట చేతికొస్తే వచ్చే ఎండాకాలం గుర్వయ్య ఇంటి దగ్గరే ఉంటాడు. రాకపోతే ఆ మోకాళ్లతోనే నడుస్తాడు. ఆమె ఫికరంతా అంతే, అంతకు మించి ఆమె దేవుణ్ని కూడా ఏమీ అడగలేదు.

"ఎన్ని వడ్డయి సారూ?" అంటూ జానమ్మ గట్టు దిగి వచ్చింది. తల మీద కప్పుకున్న గొంగడి అంచు తడిసి ఉంది.

"మూడు నూర్ల పన్నెండు జానమ్మా. ఒక్క దినానికే."

జానమ్మ కాగితం పక్కన కూలబడి ఒక పురుగును చేతిలోకి తీసుకుంది. రెక్కల వంక చూడనైనా లేదు. వెల్లకిలా తిప్పి, బొటనవేలితో పొట్టను మెల్లగా నొక్కింది. పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. తర్వాత మరొకటి. అలా ఒక పది అయ్యేదాకా లింగస్వామి నవ్వుతూనే చూశాడు.

"సారూ, గివన్నీ పోతులే గద" అంది జానమ్మ.

"ఏంది?"

"మొగయి. పొట్టలు జూడు, ఎట్ల జారవడ్డయో. సూడిది గిట్లుండదు."

లింగస్వామికి అర్థం కాలేదు. ఆమె లేచి సాలు వెంట నాలుగడుగులు నడిచి, మోకాలెత్తు లేని ఆముదపు మొక్క ముందు కూర్చుని ఒక ఆకును పైకి తిప్పింది. ఆకు అడుగున తలకిందులుగా ఒక పురుగు అంటిపెట్టుకుని ఉంది. అవే చారలు, అదే పసుపంచు. పొట్ట మాత్రం రెక్కలు దాటి ఉబ్బి ఉంది. వేలితో తాకినా ఎగరలేదు. దాని వెనక గసగసాలంత పచ్చటి గుడ్లు, వందలకొద్దీ, వరసలు తప్పకుండా.

"ఈనే దినం గొర్రె మందెంట నడుస్తదా? గిది గూడ గంతే. దీపం ఎల్గుకు అన్నీ గీడిదాక వచ్చినయి. పోతులు ఉర్కిపోయి నీ గంగాళంల వడ్డయి. బరువున్నయి ఎగురలేక ఆకులు వట్టుకున్నయి" అంది జానమ్మ.

లింగస్వామి ఆ సాలు చివరిదాకా ఆకులు తిప్పుకుంటూ పోయాడు. దీపానికి దగ్గరయ్యేకొద్దీ గుడ్లు ఎక్కువయ్యాయి. తిరిగొచ్చి కాగితం మీది పురుగులను వెల్లకిలా వేశాడు. ఇరవై చూశాడు, ముప్పై చూశాడు. అన్నీ సన్నటి పొట్టలే. మూడువందల పన్నెండింటిని రెక్క చూసి ఏరినవాడు ఒక్కదాన్నయినా తిప్పి చూడలేదు. నేతగాని కొడుకు బట్ట చూశాడు, గొర్ల మనిషి పొట్ట చూసింది. పుస్తకంలో ఆ సంగతి ఉందో లేదో అతనికి గుర్తు రాలేదు, ఉన్నా ఆ పుట దగ్గర అతను రెక్క బొమ్మ గీసుకుంటూ ఉండి ఉంటాడు.

అప్పటికే గట్టు మీద మాటలు వినబడుతున్నాయి. ఉప్పలమ్మ ముందు నడుస్తుంటే ఆరుగురు ఆడవాళ్లు బుట్టలతో వచ్చారు. పెద్దవాన పడ్డాక రెక్కల పురుగు కనబడితే చాలు, ఈ ఊరి ఆడవాళ్లు బదులు కట్టుకుని ఒకరి చేను తర్వాత ఒకరి చేనులో గుడ్లున్న ఆకులు తెంపి, బుట్టలకెత్తి కాల్చేస్తారు. ఇవాళ నా చేను, రేపు నీ చేను. కూలి ఉండదు, మాట ఉంటుంది. నిన్నంతా జానమ్మ జంగయ్య చేలో నడుము ఎత్తకుండా తెంపింది. ఇవాళ ఆమె వంతు.

లింగస్వామి ఆ బుట్టల వంక చూశాడు. ఎల్లుండి బ్లాకు నుంచి విస్తరణాధికారి వస్తున్నాడు. ఆకులు తెంపితే మొక్కకు నాలుగున్న చోట ఒకటి మిగులుతుంది. మోడులు మిగిలిన చేనును చూపించి, దీపంతో పురుగును జయించామని ఏ నోటితో చెప్పాలి? పట్టిన పురుగులన్నీ మొగవే అని ఈ ఆడవాళ్ల ముందు ఎలా ఒప్పుకోవాలి?

"ఇయ్యాల తెంపొద్దు జానమ్మా" అన్నాడు.

"ఎందుకు సారూ?"

"పెద్దసారు వస్తున్నడు. తెంపితె, దీపంతోని అయ్యిందెంతో చేతితోని అయ్యిందెంతో ఎట్ల తెలుస్తది?"

"మరి గుడ్లో?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు అతనికి తెలుసు. ఈ పురుగు భూమిలోంచి లేచిన మొదటి సందెవేళే జత కడుతుందని, ఆ తర్వాతే గుడ్లు పెడుతుందని పాఠం చెప్పారు. ఆ పాఠం అతను మరిచిపోలేదు. అయినా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పోతులన్నీ సచ్చినయి గద. పోతు లేని మందల పిల్లలు ఎట్లయితయి? గా గుడ్లకు జీవం ఉండదు."

జానమ్మ అతని మొహం వంక కాసేపు చూసింది. తర్వాత కాగితం మీద బారులు తీరి ఉన్న పురుగులను చూసింది.

"సారు చెప్పినంక అంతే గద" అని, ఉప్పలమ్మ వైపు తిరిగి "ఇయ్యాల వద్దు వదినా, మళ్ల పిలుస్త" అంది.

ఉప్పలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని వెనక్కి తిరిగింది. లింగస్వామి నలభై పురుగులను ఏరి, బెండు పరిచిన చెక్కపెట్టెలో రెక్కలు విప్పి సూదులు గుచ్చాడు. ఒక్కటీ వంకర పోలేదు. పక్కన చీటీ మీద ఊరి పేరు, తేదీ, 1960 జూలై ఆరు అని రాశాడు.

ఎల్లుండి వస్తానన్న అధికారి ఎల్లుండి రాలేదు. జీపు టైరు పగిలిందని కబురొచ్చింది. ఆ దినమంతా జానమ్మ ఇంటికీ చేనుకూ పదిసార్లు తిరిగింది. "పెద్దసారు ఎప్పుడొస్తడు? వస్తే ఎంతసేపుంటడు?" అని అడిగినదే అడిగింది. మజ్జిగ, రొట్టెల ఏర్పాటు కోసం ఆరా తీస్తోందనుకున్నాడు లింగస్వామి.

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక జీపు వచ్చింది. అధికారి కోస్తా వైపు మనిషి, తెల్లటి చొక్కా, మర్యాదస్తుడు. బూట్లు బురదవుతాయని గట్టు మీదే నిలబడి చేనంతా కలయజూశాడు.

"అబ్బో, చేను కళకళలాడుతుందయ్యా. ఆకు ఒక్కటి చెక్కు చెదరలేదు" అన్నాడు.

లింగస్వామి పెట్టె తెరిచి చూపించాడు. అధికారి కళ్లజోడు సర్దుకుని ముందు రెక్కలు, వెనక రెక్కలు, పసుపంచు అన్నీ అడిగాడు. లింగస్వామి తడుముకోకుండా చెప్పాడు. ఎర్రంచు రకం ఎక్కడ ఉంటుందో, దీనికీ దానికీ చారల్లో తేడా ఏమిటో కూడా చెప్పాడు. అధికారి చాలా సంతోషించి, ఈ పెట్టెను జిల్లా ప్రదర్శనకు పంపుదామన్నాడు. జానమ్మను దీపం పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కళ్లు మాత్రం జీపు మీదే ఉన్నాయి.

జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. జానమ్మ చేతులెత్తి కేకేసింది. ఎక్కడి నుంచి వచ్చారో, ఉప్పలమ్మా ఆ ఆరుగురూ బుట్టలతో చేలోకి దిగారు. అందరికంటే ముందు జానమ్మే వంగి ఆకు తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది.

లింగస్వామి దగ్గరికి పోయి చూశాడు. పచ్చటి గుడ్లు లేవు. వాటి చోట ఖాళీ పెంకులు, వాటి చుట్టూ ఆకంతా బూడిద చల్లినట్టు సన్నటి పురుగులు కదులుతున్నాయి.

పొద్దు గూకేదాకా తెంపారు. ఆకు కదిలిస్తే చాలు, పురుగులు కంటికి ఆనని దారాలతో జారి పక్క మొక్క మీదికి పోతున్నాయి. గుడ్లయితే బుట్టకెత్తి కాల్చేవాళ్లు. కాళ్లొచ్చిన దాన్ని ఎవరు ఎత్తగలరు? ఉప్పలమ్మ నడుము పట్టుకుని లేచి, "మొన్ననే వచ్చినం గద సారూ" అని మాత్రం అంది. లింగస్వామి వంగి ఇంకో ఆకు తిప్పాడు. ఆ మాట అతన్ని చాలాకాలం వదల్లేదు.

తర్వాత పది రోజులు అతను చేయగలిగినవన్నీ చేశాడు. పొడిమందు కోసం రెండుసార్లు కల్వకుర్తి దాకా సైకిలు తొక్కాడు. ఆ బజారులో ఏ దుకాణంలోనూ దొరకలేదు. పొద్దున్నే వచ్చి జానమ్మతో పాటు సాలు సాలుకూ పురుగులు ఏరి గంగాళంలో వేశాడు. నూగు తగిలి అరచేతులు దద్దుర్లు తేలాయి. జానమ్మ చేతులకు ఏమీ కాలేదు, లేదా అయిన సంగతి ఆమె చెప్పలేదు. పురుగులు బొటనవేలంత ఎదిగి ఎర్రబడ్డాయి. మూడెకరాల్లో ఆకులన్నీ ఈనెలైపోయాయి. చేను మధ్యలో నిలబడితే నమిలే చప్పుడు వినబడుతుంది, సన్నటి జల్లు పడుతున్నట్టు. గుర్వయ్య ఒకనాడు కర్ర ఊతగా గట్టుదాకా వచ్చి, ఆ చప్పుడు విని తిరిగిపోయాడు.

చుట్టుపక్కల చేలు పచ్చగా ఉన్నాయి. అక్కడ అడపాదడపా కనబడిన పురుగును ఆడవాళ్లు ఏరేశారు. వాళ్లు సమయానికి ఆకులు తెంపుకున్నారు. సర్కారు మాట విన్న చేను ఒక్కటే పోయింది.

పదకొండో నాడు తినడానికి ఏమీ లేక పురుగు నడక మొదలుపెట్టింది. జంగయ్య నలుగురిని వెంటేసుకుని పొద్దున్నే లింగస్వామి ఉండే గదికి వచ్చాడు.

"గట్టు మీదికొచ్చింది సారూ. జానమ్మది ఎట్లనో పోయింది. మాయి నలభై ఎకురాలన్న దక్కాలె గద. గిప్పుడేం జేద్దమో నువ్వే చెప్పు."

చెప్పడానికి ఒకటే మార్గం ఉంది. అది పుస్తకంలోనూ ఉంది, ఊళ్లో వాళ్లకూ తెలుసు. పురుగున్న చేను చుట్టూ మూరెడు లోతు కందకం, బయటివైపు గోడ నిట్టనిలువుగా ఉండాలి. నడిచొచ్చిన పురుగు అందులో పడుతుంది, ఎక్కలేదు. పడ్డదాన్ని మన్నేసి పూడుస్తారు. అంటే లోపల మిగిలిన నాలుగు మొక్కలను కూడా పురుగుకే వదిలేయాలి. జంగయ్య అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. తప్పు చేసినవాడు వాళ్ల ముందే నిలబడి ఉన్నాడు.

లింగస్వామే తాడు పట్టుకుని చేను చుట్టూ సున్నం గీత వేయించాడు. ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చారు. వాళ్లలో జానమ్మ కూడా ఉంది. ఆమెను చూసి జంగయ్య, "నువ్వెందుకు జానమ్మా, ఇంటికి వో" అన్నాడు.

"నా చేన్లకెల్లే గద వస్తున్నయి" అని ఆమె తూర్పు గట్టు వెంట తవ్వడం మొదలుపెట్టింది.

లింగస్వామి కూడా పార తీసుకుని ఆమెకు నాలుగు గజాల దూరంలో తవ్వసాగాడు. అలవాటు లేని చేతులు, కాసేపటికే బొబ్బలెక్కాయి. ఎర్రమట్టి తడిగా, బరువుగా ఉంది. మొదటి పురుగులు అప్పుడే గట్టు దిగి, తవ్విన గుంటలోకి ఒకటొకటిగా రాలుతున్నాయి. వాటిని చూస్తూ తల వంచుకుని తవ్వుతుంటే, జానమ్మ తన వంతు తవ్వుకుంటూ అతని పక్కకు వచ్చింది.

"సారూ, ఒకటి అడుగుత. ఆ పొద్దు గుడ్లకు జీవం లేదంటివి. ఎర్కలేక అన్నవా, ఎర్కుండి అన్నవా?"

అబద్ధం చెప్పడం తేలికే. తెలియదంటే ఆమె నమ్మినా నమ్మకపోయినా ఊరు నమ్ముతుంది. ఈ పది రోజుల్లో అతను ఆ జవాబును ఎన్నిసార్లు సిద్ధం చేసుకున్నాడో లెక్కలేదు. పార నేలకు ఆనించాడు.

"ఎర్కుండే అన్న" అన్నాడు.

జానమ్మ తల ఊపింది. ఆమె మొహంలో కోపం కోసం వెతికాడు. కోపం ఉంటే కొంత తేలికయ్యేది.

"నాకు గూడ ఎర్కనే సారూ. గొర్ల నడుమ పుట్టినదాన్ని, పోతు కలువకుంట సూడి ఎట్లయితదో నాకు తెల్వదా? పొట్ట అంత లావున్నంక ఆ పోతు సస్తేంది, బతికితేంది?"

లింగస్వామి పార వదిలి ఆమె వైపు తిరిగాడు.

"మరి ఎందుకు ఊకున్నవ్ జానమ్మా?"

"నీ మొఖం తెల్లవడ్డది. కొత్త నౌకరి, నీకు అందరి ముంగట మాట వస్తదనిపిచ్చింది. మంద తోలుకపోయిన దినాలల్ల మా కొడుకు గూడ గట్లనే నిలవడేటోడు, నాయిన ముంగట గొర్రె తప్పిపోయిందని చెప్పనీకి. పెద్దసారు వచ్చిపోయినంక తెంపుదమనుకున్న. నాలుగు దినాలకు గని లేవవు, రెండు దినాలు ఆగితే ఏం పోతది అనుకున్న. ఆయన ఆలిశం జేసిండు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు గిది మనసుల వెట్టుకోకు. గుర్వయ్యను ఒక్కన్ని తోలియ్య, ఈ మాటు మందెంట నేను గూడ పోత."

పది రోజులుగా తాను ఒక అమాయకురాలిని మోసం చేశానని లింగస్వామి కుమిలిపోయాడు. ఆ బాధలో కూడా తనదే తెలివి, ఆమెది నమ్మకం. ఇప్పుడు ఆ పాటి ఆసరా కూడా పోయింది. ఆమె మోసపోలేదు. అతను భయపడ్డాడని చూసి, తన మూడెకరాలు రెండు రోజులు అతనికి అప్పగించింది.

జంగయ్య అవతలి మూల నుంచి జల్ది కానియ్యమని కేకేశాడు. జానమ్మ మళ్లీ పార ఎత్తింది. లింగస్వామి కూడా ఎత్తాడు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోకుండా తవ్వుకుంటూ పోయారు. పొద్దు వాలేసరికి నాలుగు వైపుల కందకమూ కలిసింది. జానమ్మ చేను లోపల ఉండిపోయింది.